చేపల వ్యాను బేరం

పద్దెనిమిది వందల యూరోలు.
నలుగురం జేబులన్నీ దులిపితే రాలింది అంతే.
అందులో రెండొందలు సైమి కుట్టుమిషను అమ్మిన డబ్బు.
తను చెప్పలేదు.
కిటికీ పక్క మూల బోసిగా కనబడితే
మేమే లెక్క కట్టుకున్నాం.

నా జేబులో కొలత టేపు.
నా బేస్ నిలబెడితే మీటరు ఎనభై అయిదు,
పడుకోబెడితే పెళ్ళింట్లో నిద్రపోయే పెద్దమనిషి,
పక్కన ఎవర్నీ చేరనివ్వదు.
తూక్కా డ్రమ్ములు నయం, ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి.
ఇల్పో అకార్డియన్ వాళ్ళ అమ్మమ్మది,
గతుకు తగిలితే
నిద్రలో మూలిగినట్టు ఒక స్వరం వదుల్తుంది.
వేసవి వస్తోంది. సరస్సుల ఒడ్డున డాన్సు హాళ్ళు
తలుపులు తెరిచి, నేల తుడిచి, టాంగో కోసం చూస్తుంటాయి.
బస్సువాడు మాత్రం మమ్మల్ని ఇక ఎక్కించుకోనన్నాడు.

మొదటిది తొర్నియోలో.
ఎర్ర రంగు, నిగనిగ. పైన పటారం.
తూక్కా కిందకి దూరి స్క్రూడ్రైవరుతో పొడిస్తే
ఇనుము అప్పడంలా విరిగింది.
ఎన్ని చలికాలాల ఉప్పో!
మంచు కరగాలని రోడ్డుమీద చల్లిందంతా
ఊరగాయకి పట్టినట్టు పట్టింది దానికి.
అమ్మే కుర్రాడు రేడియో గొంతు పెంచాడు.

రెండోది పాత అంబులెన్సు.
వెడల్పు తలుపులు, చదును నేల,
స్ట్రెచరు ఉండేచోట నా బేస్
అచ్చంగా, వేలెడు తేడా లేకుండా పట్టింది.
కొలత కుదిరింది.
ఎవరం మాట్లాడలేదు.
పైన సెలైను సీసా కొక్కెం ఇంకా ఊగుతోంది.
"దారి తొందరగా ఇస్తారు" అన్నాడు తూక్కా.
లీటరుకి అయిదు కిలోమీటర్లని తెలిశాక
సైమి మెల్లగా తలుపు మూసింది,
లోపల ఎవరో ఉన్నట్టు.

మూడోది సిమోలో, తైస్తో అనే ముసలాయనది.
ఇరవై రెండేళ్ళు అందులో చేపలమ్మాడు.
తెల్ల రంగు మీద వెలిసిపోయిన నీలం చేప,
కన్ను ఒక్కటే మిగిలింది.
"రెండు వేలు" అని చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

మా వైపు బేరమంటే నోటితో కాదు, మౌనంతో.
ముందు దగ్గినవాడు ఓడినట్టు.
నిలబడ్డాం.
దోమలు మా నలుగుర్నీ ఆయన్నీ సమానంగా పంచుకున్నాయి.
నేను టేపు లాగాను, చక్రాల గూళ్ళ మధ్య కొలిచాను.
టేపు సర్రున వెనక్కి ముడుచుకుంది.
అదే మా తరఫున పలికిన ఒకే ఒక్క మాట.

అప్పుడు ఆయనే మొదలుపెట్టాడు,
అమ్మడానికి కాదు, ఒప్పుకోవడానికి:
హీటరు రాదు.
రెండో గేరు బతిమాలితేగాని పడదు.
సీట్లు మూడే.
"వాసన?" అంది సైమి.
"పోదు."
కాసేపాగి, తనలో తనే తూకం వేసుకుని,
"పదిహేడు వందలివ్వండి. మిగిలిన వంద టైర్లకి.
ముందువి రెండూ అరిగాయి. చెప్పకపోతే నిద్రపట్టదు నాకు."

మా దగ్గర ఎంతుందో
ఆయనకెలా తెలిసిందో ఇప్పటికీ తెలీదు.

నాలుగో మనిషిని నేనే.
వెనకాల, చీకట్లో, బేస్ పక్కన పడుకుంటాను.
తప్పే, తెలుసు.
గతుకు గతుక్కీ లావు తీగ తనంతట తనే మోగుతుంది.
చెక్కకి చెవి ఆనిస్తే
కెమి దాటాక రోడ్డు అర శ్రుతి దిగినట్టు తెలుస్తుంది.
ముందు నుంచి ఇల్పో గేరుని బతిమాలుతుంటాడు,
అత్తారింటికి వెళ్ళనని మొండికేసిన పిల్లని బుజ్జగించినట్టు.

హాలు చేరి తలుపు తీస్తే
టిక్కెట్టు కొన్నవాళ్ళు ఇంకా ఎవరూ ఉండరు.
మూడు పిల్లులు, తోకలు నిలబెట్టి,
ఎంతో గౌరవంగా.
నేను బేస్ దింపుతాను.
అవి దాన్ని పైనుంచి కిందిదాకా చూసి,
ఇంత పెద్ద పెట్టెలో
ఒక్క చేపా లేదా అన్నట్టు
నా మొహం చూస్తాయి.